యాడ పెడతావు పాపా

లైబ్రరీ సైన్స్ అంటే ఏందో
మా ఇంట్లో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.
"పుస్తకాలు సర్దేదానికి కూడా చదువుండాదా?"
అంటాడు మా చిన్నాయన.
ఉండాది చిన్నాయనా.
లోకాన్ని పది ముక్కలు చేసి
ముక్కని మళ్ళీ పది చేసి
చుక్క పెట్టి
చుక్క తర్వాత కూడా కోస్తా పోయే చదువు.
కోడిపులుసుకి ఒక నంబరు,
కోడి తెగులుకి ఇంకొకటి.

పొద్దున లీలామహల్ దగ్గర షేరాటో,
నలుగురి మధ్య ఐదోదాన్ని.
కొండ వైపు ఒకసారి చూస్తాను,
మొక్కేదానికి కాదు,
మబ్బు పట్టిందేమోనని.

మధ్యాహ్నాలు ప్రాక్టికల్స్.
ఎవరో రిటైరైన తహసీల్దారు ఇంటి నుంచి
దానంగా వచ్చిన నూట నలభై పుస్తకాలు.
విదిలిస్తే రాలినవి:
కాట్పాడి రైలు టికెట్టు,
పాలవాడి లెక్క,
"గురువారం కాదు శుక్రవారం" అని మాత్రం ఉన్న చీటీ.
అన్నీ ఒక హార్లిక్స్ సీసాలో దాచినాను.
వాటిని రిజిస్టరులో ఎక్కించమని
ఎవరూ చెప్పలేదు.

పక్క గది బైండింగ్.
మైదా, మైలుతుత్తం కలిసి ఉడికిన వాసన.
మునిరత్నం అక్కడ కూచోని
నడుం విరిగిన పుస్తకాలకి నడుం కడతా ఉంటాడు.
మాటలు తక్కువ,
పంటి మధ్య సూది ఉంటుంది కదా అనుకునేదాన్ని.
ఏడాదంతా నాతో అన్నవి రెండే:
"ఏం నంబర్ల పాపా."
"ఆ ఫ్యాను ఆపు."

ఎండాకాలం వస్తే ఆయన గొంతు బొంగురుపోతుంది.
బుగ్గన మిరియాలు, కలకండ.
కంటి కొసల్లో నిన్నటి కాటుక,
చెవి వెనక కడిగినా పోని అర్దళం పసుపు.

నాకు సినిమాలిష్టమే.
హాస్టల్లో ఆరుగురం ఒకే ఫోను చుట్టూ చేరి
వార్డెన్ చెప్పుల చప్పుడుకి చెవులొగ్గి
దుప్పటి కింద చూస్తాం.
కానీ ప్రాణం మాత్రం ఇక్కడ:
చంద్రగిరి దాటినాక కుప్పమ్మత్త ఊరు,
పద్దెనిమిది రాత్రుల వీధి నాటకం,
నేల మీద గోనెసంచి,
పొట్లంలో బొరుగులు,
నా ఒళ్ళో నిద్రపోయిన ఎవరి పిల్లో.
మద్దెల వేగం పెరుగుతుంది.
ఇద్దరు పట్టుకున్న తెర వెనక
ముందు గజ్జెలు,
తర్వాత కిరీటం కొన,
"ఎవడురా!" అని ఒక కేక.
తెర పక్కకి పోతే
మా మునిరత్నం.

సూది పంట పట్టుకున్న మనిషి కాదు,
మూడు ఊళ్ళకి వినపడే రాజు.
భుజకీర్తుల అద్దాలు నా ముఖం మీద తళుక్కుమంటే
లైబ్రరీ ఫైను కట్టలేదని తెలిసిపోయినట్టు
తల దించుకున్నాను.

పదిహేడో రాత్రి తెల్లారితే వర్గీకరణ పరీక్ష.
కళ్ళల్లో ఇసుక.
నాలుగో ప్రశ్న: జానపద నాటకం, వర్గసంఖ్య ఇవ్వుము.
చెయ్యి ఆగిపోయింది.
792 అంటే ఆట.
398 అంటే అవ్వ చెప్పిన కథ.
294 అంటే దేవుడు.
686 అంటే బైండరు.
792 రాసినాను, మార్కులు పడతాయి.
కానీ మధ్యాహ్నం ఆ గదికి పోయి
నిలబడుకున్నాను, ఏమడగాలో తెలియక.

బల్ల కిందినుంచి ఒక పుస్తకం తీసినాడు.
ఎర్ర కాలికో, చేతి కుట్టు.
లోపల మూడు దస్తూరీలు:
తాతది వాలుగా,
నాయనది పెన్సిలు,
తనది బంకమరకల మధ్య.
పద్యం పక్కన "ఇక్కడ ఊపిరి తీసుకో" అని
మూడోవాడికి రెండోవాడు రాసిపెట్టినాడు.
"ఈ రూములో నంబరు లేంది ఇదొకటే.
యాడ పెడతావు పాపా?"

రేపు పొద్దున పొలంలో
నలభై అడుగుల మట్టి రాజు పడుకుంటాడు.
దాని మీద ఎగిరి, రంకెలేసి,
తొడ విరిగి మునిరత్నం చచ్చిపోతాడు.
ఆడవాళ్ళు ఆ మట్టి పిడికెడు కొంగున కట్టుకొని పోతారు.
సోమవారం తొమ్మిదికి డ్యూటీ.

ఒక కార్డు తీసుకొని
పేరు, పొడవు, పుటలు రాసినాను.
నంబరు గడి అట్లే వదిలినాను.
"ఒక్క రోజు ఇస్తావా అన్నా" అంటే
"ఇయ్యను, రాత్రికి కావాల" అని
సంచిలో పెట్టేసుకున్నాడు.
కార్డు కింద పెన్సిలుతో చేర్చుకున్నాను:
బయటికి పోయింది.